పాత హీరోలు తిరిగొస్తే కొత్తవాళ్లకు చోటేదీ?

‘ఎంట్రీ లెవెల్ ఉద్యోగం. రెండేళ్ల అనుభవం తప్పనిసరి.’ ఇలాంటి ప్రకటన చూసినవాళ్లు చేతులెత్తండి అంటే హాస్టల్ మొత్తం ఎత్తేస్తుందేమో! అనుభవం ఉంటేనే ఉద్యోగం అంటారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ చిరాకులో రాత్రి ఏదైనా సినిమా పెట్టుకుందామంటే అక్కడా పాత ముఖాలే. 2024 జూన్‌లో ‘బ్యాడ్ బాయ్స్: రైడ్ ఆర్ డై’ వచ్చింది. అప్పటికి విల్ స్మిత్‌కు 55 ఏళ్లు, మార్టిన్ లారెన్స్‌కు 59. నెల తిరక్కుండానే 63 ఏళ్ల ఎడ్డీ మర్ఫీ ‘బెవర్లీ హిల్స్ కాప్: ఏక్సెల్ ఎఫ్’తో నెట్‌ఫ్లిక్స్‌లో దిగాడు. ఆ సిరీస్‌లో అంతకుముందు సినిమా 1994లో వచ్చింది. అంటే 30 ఏళ్ల గ్యాప్! ‘ఈ పెద్దాయనలే ఇంకా తుపాకులు పట్టుకుని పరిగెడుతుంటే కుర్రాళ్లకు ఛాన్స్ ఎప్పుడు?’ అని మీకు అనిపిస్తే తప్పులేదు. నాకూ మొదట అలాగే అనిపించింది. పోస్టర్ మీద ఎవరున్నారో చూసి ఊరుకోకుండా, వెనకాల పనిచేసింది ఎవరో చూశాక అభిప్రాయం మారింది. అదేంటో చెబుతాను, ఏకీభవిస్తారో లేదో మీరే తేల్చుకోండి.

ఒకప్పుడు అందరూ ఫ్రెషర్లే

ముందు మీ కోపంలో ఉన్న న్యాయం ఒప్పుకుందాం. 1995లో మొదటి ‘బ్యాడ్ బాయ్స్’ తీసినప్పుడు నిర్మాతలు చేసింది చిన్న సాహసం కాదు. డైరెక్టర్ మైకేల్ బే అప్పటిదాకా తీసినవి యాడ్స్, మ్యూజిక్ వీడియోలు. సినిమాగా అదే మొదటిది. ఇద్దరు హీరోలకూ పేరు తెచ్చింది టీవీ కామెడీ షోలు. ఇద్దరు నల్లజాతి నటులను పెట్టి పెద్ద యాక్షన్ కామెడీ తీస్తే ఆడుతుందా అన్న అనుమానం అప్పటి హాలీవుడ్‌లో బాగా ఉండేది. సుమారు 19 మిలియన్ డాలర్లతో తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా 140 మిలియన్లకు పైగా తెచ్చింది.

ఇప్పుడు అలాంటి సాహసం తక్కువ. పేరు తెలిసిన సిరీస్ అయితే ప్రేక్షకుడికి పరిచయం చేసే ఖర్చు ఉండదు, నష్టం భయమూ తగ్గుతుంది. కంపెనీలు అనుభవం అడగడం వెనక ఉన్నదీ ఈ భయమే. మీకు పని నేర్పడానికి పట్టే ఆర్నెల్ల ఖర్చును ఇంకో కంపెనీ పెట్టేసి ఉంటే బాగుండునని ప్రతి కంపెనీ కోరుకుంటుంది. అందరూ అలా అనుకుంటే రేపటి సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారు? ఈ ప్రశ్న వేయాల్సింది మిమ్మల్ని కాదు, కంపెనీలను.

తలుపు తీసింది ఎవరికి?

ఇక అసలు విషయం. 2003లో రెండో ‘బ్యాడ్ బాయ్స్’ వచ్చాక మూడోదానికి 17 ఏళ్లు పట్టింది. మధ్యలో అనుకున్న డైరెక్టర్ తప్పుకున్నాడు. చివరికి 2020లో విడుదలైన ‘బ్యాడ్ బాయ్స్ ఫర్ లైఫ్’ను తీసింది ఆదిల్ ఎల్ అర్బీ, బిలాల్ ఫలా అనే ఇద్దరు బెల్జియం కుర్రాళ్లు. మొరాకో మూలాలున్న కుటుంబాలు వాళ్లవి. బ్రసెల్స్‌లో సినిమా చదువుకుంటూ స్నేహితులయ్యారు. మొదటి ‘బ్యాడ్ బాయ్స్’ వచ్చేనాటికి ఇద్దరూ పదేళ్లు నిండని పిల్లలు. హాలీవుడ్‌లో వాళ్లకు ఇదే మొదటి సినిమా.

మరి అంత పెద్ద సినిమా వాళ్ల చేతిలో ఎలా పెట్టారు? 2015లో బ్రసెల్స్ గ్యాంగుల మీద ‘బ్లాక్’ అనే సినిమా తీశారు. అది టొరంటో చిత్రోత్సవం దాకా వెళ్లింది. తర్వాత అమెరికా టీవీ సిరీస్ ‘స్నోఫాల్’లో ఎపిసోడ్లు తీశారు. 2018లో సొంత దేశంలోనే ఇంకో యాక్షన్ సినిమా చేశారు. అంటే హాలీవుడ్ అనుభవం లేదు కానీ, చూపించడానికి పని ఉంది. ‘ఏక్సెల్ ఎఫ్’ డైరెక్టర్ మార్క్ మొల్లాయ్ సంగతీ ఇంతే. యాడ్స్ తీసే ఆస్ట్రేలియన్. పూర్తి నిడివి సినిమా తీయడం అదే మొదటిసారి.

చూశారుగా, పోస్టర్ మీద సీనియర్లు ఉన్న సినిమాలోనే కొత్తవాళ్లకు తలుపు తెరుచుకుంది. పేరు పాతది కాబట్టి స్టూడియోకు ధైర్యం వచ్చి, డైరెక్టర్ కుర్చీలో కొత్తవాళ్లను కూర్చోబెట్టగలిగిందన్నది నా ఊహ. కాబట్టి పాత ప్రాజెక్టులు, పాత కోడ్, పాత టీములు అంటే మొహం తిప్పుకోకండి. ఫ్రెషర్ మీద రిస్క్ తీసుకునే ఓపిక కొన్నిసార్లు అక్కడే ఉంటుంది.

వయసును దాచలేదు

వీళ్లు చేసిన తెలివైన పని ఇంకోటుంది. హీరోల వయసును దాచే ప్రయత్నం చేయలేదు. మైక్ గడ్డానికి రంగేసుకుంటాడు, అది జోక్ అవుతుంది. మార్కస్ తాతయ్యాడు, రిటైరైపోతానంటాడు. 2024 సినిమాలో మార్కస్‌కు మైక్ పెళ్లిలోనే గుండెపోటు వస్తుంది. ఎవరికీ భయపడని మైక్‌కు పానిక్ అటాక్స్ మొదలవుతాయి. బలహీనతలనే కథ చేశారన్నమాట. సీనియర్ల పక్కన డ్రోన్లు, కంప్యూటర్లు తెలిసిన కుర్ర పోలీసు టీమును పెట్టారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న పంచాయితీ లేకుండా, ఒకరికి తెలియంది ఇంకొకరు అందుకుంటారు. రెండు సినిమాలూ 400 మిలియన్ డాలర్లు దాటాయి.

రేపు మీరు చేరే ఆఫీసులోనూ ఇరవై ఏళ్ల సర్వీసున్న సార్ ఒకరుంటారు. కొత్త టూల్ ఆయనకు రాకపోవచ్చు. కానీ ఏ క్లయింట్ ఎప్పుడు కోప్పడతాడో, ఏ ఫైల్ ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలుసు. ఆయన్ని చూసి నవ్వుకుంటారా, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటారా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే కూర్చోమంటాను.

చేసిన పని చెత్తబుట్టలో పడితే?

ఇదంతా సాఫీగా జరిగిన కథ అనుకోకండి. 2020 హిట్ తర్వాత ఆదిల్, బిలాల్‌లకు ‘బ్యాట్‌గర్ల్’ సినిమా వచ్చింది. షూటింగ్ అయిపోయి ఎడిటింగ్ నడుస్తుండగా, 2022 ఆగస్టులో స్టూడియో ఆ సినిమాను విడుదలే చేయబోమని ప్రకటించింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక జాయినింగ్ వాయిదా పడి, ఆ తర్వాత మెయిల్ రావడమే మానేసిన వాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. తప్పు వాళ్ల పనిది కాదు, కంపెనీ లెక్కలది. రెండేళ్లలోపే ‘రైడ్ ఆర్ డై’తో మళ్లీ నిలబడ్డారు. ఎలా? ఒకసారి తమతో పనిచేసినవాళ్లు మళ్లీ పిలిచారు కాబట్టి. మీరు ఇంటర్న్‌షిప్ చేసిన చోట నాలుగు నెలల్లో సంపాదించే మంచి పేరు అలాంటి రోజు కోసమే.

ఇంకొకడి గురించి చెప్పి ముగిస్తాను. 2003 సినిమాలో మార్కస్ కూతుర్ని బయటికి తీసుకెళ్దామని రెజీ అనే కుర్రాడు గుమ్మం దగ్గరికి వస్తాడు. హీరోలిద్దరూ వాణ్ని బెదరగొట్టి ఆడుకుంటారు. ఒక్క సీను. 2020లో అదే నటుడు మార్కస్ అల్లుడిగా వచ్చాడు. 2024లో మామగారింటి మీదికి వచ్చిన దుండగులను రెజీ ఒక్కడే మట్టికరిపిస్తుంటే థియేటర్లలో ఈలలే ఈలలు. చాలామందికి ఆ సినిమాలో ముందుగా గుర్తొచ్చేది ఆ ఫైటే.

‘అయితే మేమూ 21 ఏళ్లు ఆగాలా?’ అంటారేమో. వద్దు, అలా ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇంట్లో ఫీజు అప్పు ఉన్నవాడికి ఓపిక పాఠాలు చెప్పడం సులువే. నేను చెప్పేది ఇంతే: ఈ వారం అప్లికేషన్లు పంపేటప్పుడు రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ అన్న లైను తీసేయండి. ఆ చోట మీరు నిజంగా చేసిన ఒక్క పని పెట్టండి. కాలేజీ ఫెస్ట్ లెక్కలు చూసినా సరే, ఊళ్లో కిరాణా కొట్టుకు బిల్లింగ్ షీట్ తయారుచేసినా సరే. మీ ‘బ్లాక్’ అదే అనుకోండి. ఎవరైనా అడిగితే తెరిచి చూపించగలిగేలా మాత్రం ఉంచుకోండి.