కారు సీటులో కుంపటి

వేలూరులో ఎవరైనా తమ కారు సీటు వేడెక్కడము లేదని మొర పెట్టుకొంటే, వినేవారు ముందుగా ఆ మనిషి నుదుటిమీద చేయి వేసి చూస్తారు. కత్తిరి ఎండలలో కోట ఎదుట ఒక గంట నిలిపిన కారులో, సీటు మీద తడి తువ్వాలు పరచుకొనిగాని కూర్చోలేని ఊరు మనది. పాత అంబాసిడరు రోజులలో ఆ రెక్సిను సీటుకు తొడలు అంటుకొని పోయిన సంగతి మన ఈడువారు మరచిపోలేదు. అటువంటి ఊరివారము, సీటుకు వేడి చాలలేదని మీటరు పట్టుకొని మంచులో నిలుచున్నామంటే, అది అమెరికాలోనే జరుగవలెను. పోయిన చలికాలము జరిగినది. మన సంఘములో అమ్మాయో అబ్బాయో చలిదేశములో లేని ఇల్లు అరుదు గనుక, ఈ నెల ఆ సంగతే వ్రాయుచున్నాము.

మా అమ్మాయి, అల్లుడుగారు మిచిగన్ రాష్ట్రములో లాన్సింగు పట్టణములో ఉన్నారు. మా శ్రీమతి, మేము, గుడియాత్తములో లుంగీల వ్యాపారము చేసి విశ్రమించిన మా బావగారు, ముగ్గురము కలిసి వెళ్ళినాము. అక్కడి కారు సీటులో విద్యుత్తుతో పనిచేసే కుంపటి వంటిది ఉంటుంది. అమెరికాలో 1966 మాడలు క్యాడిలాక్ కార్లలో అది విలాసముగా వచ్చినది. 1970 తరువాత స్వీడను దేశపు సాబ్ కార్లలో డ్రైవరు సీటుకు అమర్చినారు. ఇప్పుడు మామూలు కార్లకు కూడ వచ్చినది. సీటు గుడ్డ కింద సన్నని తీగనో, బొగ్గు పీచునో పరచి, 12 వోల్టుల బ్యాటరీ కరెంటు పారిస్తారు. మన ఇంటి కరెంటు పొయ్యిలోని కాయిలుకు ఇది చెల్లెలు. తీగతోపాటు వేడిని కనిపెట్టే గింజంత పరికరము ఒకటి ఉంటుంది. హద్దు దాటగానే కరెంటు ఆపించడము దాని పని.

అల్లుడుగారి కారు పాతది, ఇంకొకరి చేతినుండి కొన్నది. దానిలో డ్రైవరు సీటు చల్లగా ఉండిపోయినది. తెల్లవారుజామున సున్నకు పది డిగ్రీల కిందికి దిగిన చలిలో పనికి పోయే పిల్లవాడు, పాపము. మేము ఉద్యోగములో ఉన్నన్నాళ్ళు మీటరుతో బ్రతికినవారము గదా, “మామయ్యా, మీరొకసారి చూడండి” అనగానే చొక్కా చేతులు మడిచినాము. నాలుగు స్వెట్టర్ల మీద మడవడము ఎంత కష్టమో అప్పుడే తెలిసినది.

ఇటువంటి పనిలో ముందు చూడవలసినది స్విచ్చి దగ్గరి దీపము. పెక్కు కార్లలో ఇంజను నడుస్తుంటేనే ఈ సీట్లు పనిచేస్తాయి. ఇంజను నడుస్తున్నా దీపము వెలగకపోతే ఫ్యూజును, స్విచ్చిని అనుమానింపవలెను. ఫ్యూజు పోతే అంతే ఆంపియర్ల ఫ్యూజు వేయవలెగాని, మళ్ళీ పోతున్నదని పెద్దది వేయరాదు. ఫ్యూజు పోవడము జబ్బు కాదు, జబ్బు ఉన్నదని చెప్పడము. మా కారులో దీపము చక్కగా వెలిగినది. అనగా తప్పు ఆ పైన, సీటు కిందనో సీటులోనో ఉన్నది.

సీటు కిందికి వంగి చూస్తే తీగలు కలిసే కనెక్టర్లు కనిపిస్తాయి. సీటు ముందుకు వెనుకకు జరుగుతుంటే అవి వదులవుతాయి. అదిగాక అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. బూట్ల వెంట ఆ ఉప్పునీరు లోపలికి వచ్చి, మన ఇళ్ళ రాగిచెంబుకు పట్టినట్లు చిలుము పట్టిస్తుంది. అయితే ఒక్క హెచ్చరిక. పసుపురంగు కనెక్టరు కనిపిస్తే దాని జోలికి పోరాదు. అది ప్రమాదములో ఉబికివచ్చే గాలిసంచిది. బ్యాటరీ తీగ విప్పి, కారు పుస్తకములో చెప్పినంత సేపు ఆగిన తరువాతనే సీటు కింద చేయి పెట్టవలెను. మేము అట్లే చేసినాము. చిలుము తుడిచినాము. ఫలితము లేదు.

అప్పుడు మీటరు పెట్టినాము. లెక్క మన పిల్లల బడి పుస్తకములోనిదే: 12 వోల్టులకు 4 ఆంపియర్లు పారితే అడ్డు 3 ఓములు, ఖర్చు 48 వాట్లు. వీపు భాగము అటూఇటుగా అంతే చూపినది. కూర్చొనే భాగములో ముల్లు కదలనే లేదు. తీగ తెగినదన్నమాట. ఎట్లు తెగినదని విచారించగా, మా అమ్మాయి రోజూ ముందు సీటు మీద ఒక మోకాలు ఆనించి, వెనుక కూర్చున్న మనుమరాలికి బెల్టు పెడుతున్నదని బయటపడినది. మనిషి బరువంతా మోకాటి గుండ్రమంత చోట పడితే సన్నని తీగ ఏమి కావలెను? సీటు గుడ్డ విప్పి కొత్త పరుపు వేయించవలెనని తేల్చినాము. మా వంతు పని ముగిసినదని కాఫీకి కూర్చున్నాము.

ఇంతవరకు మాకు గర్వమే. అసలు తప్పు ఇక్కడ ఉన్నది.

పక్క సీటు బాగా పనిచేస్తున్నదని దానిని మేము పరీక్షింపనే లేదు. అంతకు రెండు రోజుల ముందు అంగడినుండి వస్తూ మా శ్రీమతి, “ఈ సీటు దోసె పెనములాగున్నదండీ” అని శాలువ మడిచి కింద వేసుకొన్నది. స్విచ్చి తక్కువ మీద పెట్టినా ఎక్కువ మీద పెట్టినా ఒకే వేడి. దానిని మేము సీటు గొప్పతనమనుకొన్నాము! వేడిని కనిపెట్టే గింజ చెడినా, కరెంటును ఆపవలసిన రిలే అతుక్కుపోయినా జరిగేది సరిగా ఇదే. కొన్ని కార్లు ఆ తప్పును తామే కనిపెట్టి సీటును ఆపివేస్తాయి. అన్నీ అట్లు చేయవు.

ఆ శనివారము నోవై ఊరిలోని వేంకటేశ్వరస్వామి గుడికి బయలుదేరినాము. మామూలుగా గంట ప్రయాణము. మంచువలన గంటన్నర అయినది. పెద్దవారని బావగారిని ఆ వెచ్చని సీటులోనే కూర్చోబెట్టినాము. దారిలో ఒకసారి “వేడి ఎక్కువగా లేదు గదా బావా?” అని అడిగినాము. “ఏమీ లేదప్పా, బాగుంది” అన్నారు. మరునాడు స్నానమునకు పోయినప్పుడు పంచె తడిగా అంటుకొని కనిపించినది. ఎడమ తొడ వెనుక అరచేయంత బొబ్బ.

బావగారికి ఇరవై ఏండ్లనుండి చక్కెర జబ్బు. దానికితోడు నడుము ఎముక అరిగి ఆ కాలు తిమ్మిరి. “బాగుంది” అన్నది అబద్ధము కాదు. ఆయనకు నిజముగా తెలియలేదు. కాలడానికి నిప్పే కావలెనని లేదు. 1947లో అమెరికా పరిశోధకులు మోరిట్జ్, హెన్రిక్స్ పరిశోధించి చెప్పిన లెక్క ప్రకారము, 44 డిగ్రీల వేడి విడువకుండా తగిలితే చర్మము చెడడానికి సుమారు 6 గంటలు పడుతుంది. 49 డిగ్రీలకు 10 నిమిషాలైనా పట్టదు. ఒళ్ళు బాగున్నవాడు ఆలోగా కదులుతాడు, తిట్టుకొంటాడు, స్విచ్చి ఆపుతాడు. స్పర్శ లేనివాడు కూర్చొనే ఉంటాడు. ఇట్లు కాలినవారిని చూచిన వైద్యులు, వాహన భద్రతకై పాటుపడేవారు 2011లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా శాఖకు లేఖ వ్రాసి, సీటు వేడికి హద్దు నిర్ణయింపుమని కోరినారు.

ఈ సంగతి వేలూరువారమైన మాకు ఒకరు చెప్పవలెనా? కొల్లిమలలో పుట్టిన డాక్టరు పాల్ బ్రాండ్ 1946లో మన క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి, కుష్ఠురోగుల చేతులను ఏండ్ల తరబడి చూచి తేల్చినది ఇదే గదా! వ్రేళ్ళు వాటంతటవి రాలిపోవడము లేదు, నొప్పి తెలియక కాలి, తెగి, పుండుపడి పోతున్నవి అని. 1955లో వెలసిన కరిగిరి ఆసుపత్రిలో, వేడి గిన్నెను గుడ్డతో పట్టుకోవలెనని, ప్రతి రాత్రి కాళ్ళు చేతులు కంటితో చూచుకోవలెనని రోగులకు నేర్పినారు. ఆ ఆసుపత్రి దారిన ఎన్నిసార్లో పోయినవారము, స్పర్శ లేని మనిషిని నోటితో అడిగి ఊరకున్నాము. సీటు మీద మా చేయి పెట్టి చూడలేదు.

మీ పెద్దవారు చలిదేశమునకు పోతుంటే, చక్కెర జబ్బుగాని పక్షవాతముగాని ఉన్నచో, ఆ సీటు మీట నొక్కవద్దని బిడ్డలకు ముందే చెప్పండి. దుప్పటి చాలును. మీటలు తగ్గించినా వేడి తగ్గకపోయినా, సీటులో ఒకచోట మాత్రము చురుక్కుమన్నా, గుడ్డ మీద గోధుమరంగు మచ్చ కనిపించినా, మరమ్మతు తరువాత. ముందు ఆ సీటు ఫ్యూజు ఊడబెరకండి. పక్క సీటు పరుపును ఇంటిలో విప్పరాదు. మనిషి కూర్చున్నాడా లేదా అని గాలిసంచికి చెప్పే పరికరము దానిలోనే ఉండవచ్చును.

బావగారి పుండు మానడానికి ఆరు వారాలు పట్టినది. గుడియాత్తములో అగ్గిపెట్టెల కార్ఖానాల పక్కన పుట్టి పెరిగినా ఒక్కనాడు చేయి కాల్చుకోని తాను, మంచుదేశమునకు పోయి కాలి వచ్చినానని ఇప్పుడు అందరికీ ఆయనే చెప్పి నవ్విస్తున్నారు. మేము పక్కన ఉంటే మాత్రము ఆ కథ ఎత్తరు. అల్లుడుగారు డ్రైవరు సీటుకు కొత్త పరుపు వేయించుకొన్నారు. పక్క సీటు ఫ్యూజును ఆనాడే ఊడబెరికి మా చేతిలో పెట్టినారు. అది మా మేజా సొరుగులో, మీటరు పక్కన ఉన్నది.