తలంటి చెప్పిన నూనె పాఠం
హార్జ్ కొండల కబుర్లు

 

కిందటి సంచికలో మా ఊరి గనుల చెరువుల గురించి రాశాక, మన సంఘం ఉగాది వేడుకలో ఒకావిడ నన్ను పట్టుకున్నారు. “ఊరి గురించి అన్నీ రాస్తారు గానీ, మీరక్కడ చేసే ఉద్యోగమేమిటో ఒక్కసారీ రాయరేమండీ?” అని. నిజమే. ‘భూమిలోంచి చిక్కటి ముడి నూనె తియ్యడం మీద పరిశోధన’ అని చెప్పగానే ఎదుటివాళ్ళు మర్యాదగా తలూపి పులిహోర వైపు జరిగిపోతారు. అందుకే ఎన్నాళ్ళుగానో దాటేస్తూ వచ్చాను. దాటెయ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. అదీ చెప్తాను.

మా అమ్మ ఈ చలికాలం రాజమండ్రి నుంచి వచ్చి మూడు నెలలు మా దగ్గరుంది. క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ చలి సంగతి ఆవిడకి ముందే చెప్పాం. అయినా సూట్‌కేసులో స్వెట్టర్ల కంటే కుంకుడుకాయలే ఎక్కువ తెచ్చింది. ఒక శనివారం పొద్దున్న మనవరాలికి నువ్వుల నూనె పట్టించి తలంటి మొదలుపెట్టింది. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, ఎప్పుడూ తొందరే. కుంకుడు రసం కళ్ళల్లో పడుతుందని భయపడి, “అమ్మమ్మా, వేడి నీళ్ళు పోసేస్తే చాలు, నూనె పోతుంది” అంది.

“ఒట్టి వేణ్ణీళ్ళకి జిడ్డు కరుగుతుంది గానీ వదుల్తుందిటే? కుంకుడు రసం పడాలి. చన్నీళ్ళల్లో కుంకుడు రసం పోసినా లాభం లేదు. రెండూ ఉండాలి” అంది మా అమ్మ.

వంటింట్లోంచి విని నవ్వుకున్నాను. నేను ఏళ్ళ తరబడి చేస్తున్న పనిని ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది!

పిల్లలూ, భూమి లోపల నూనె చెరువులా నిండి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. తడి ఇసుకలో నీళ్ళున్నట్టు, ఇసుకరాయి రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటుంది. తేలిక రకం నూనె అయితే లోపలి ఒత్తిడికి తనే బావిలోకి వచ్చేస్తుంది. చిక్కటి నూనె అలా రాదు. చల్లారిన బెల్లం పాకంలా రాతిని పట్టుకుని కదలనంటుంది. నీళ్ళకంటే వందల రెట్లు, ఒక్కోచోట వేల రెట్లు చిక్కగా ఉంటుంది. మామూలుగా తోడితే అందులో పదో వంతు రావడం కూడా చాలాచోట్ల కష్టమే. మిగతాదంతా లోపలే ఉండిపోతుంది.

పాకాన్ని పల్చబరచాలంటే ఏం చేస్తాం? వేడి చేస్తాం. అందుకే బావుల్లోంచి భూమిలోకి ఆవిరి పంపుతారు. దీన్లో ఒక పద్ధతి పొరపాటున దొరికింది. 1959లో వెనెజులాలోని మెనే గ్రాండే దగ్గర ఆవిరి పంపే ప్రయోగం జరుగుతుండగా, ఆవిరి నేలను చీల్చుకుని పైకి తన్నుకొచ్చింది. ఒత్తిడి తగ్గించాలని ఆవిరి పంపిన బావుల్నే తెరిచేసరికి వాటిలోంచి నూనె ధారగా వచ్చిందట! అప్పట్నుంచి కొన్నాళ్ళు ఆవిరి పంపడం, కొన్నాళ్ళు ఆగడం, అదే బావిలోంచి నూనె తోడడం ఒక పద్ధతయింది. జర్మనీలో నెదర్లాండ్స్ సరిహద్దు పక్కనున్న ఎమ్లిక్‌హైమ్‌లో 1981లో ఆవిరి పంపడం మొదలుపెట్టారు. మన గుజరాత్‌లో మెహసానా దగ్గర బాలోల్‌లో ఇంకో దారి పట్టారు. అక్కడ భూమి లోపలే కొంత నూనెను మండించి ఆ వేడితో మిగతాదాన్ని కదిలించారు. 1990లో ప్రయోగంగా మొదలై 1997లో పెద్ద ఎత్తున సాగింది.

మరి ఆవిరి ఒక్కటే సరిపోదా? మూడు చిక్కులున్నాయి. ఒకటి, ఆవిరి తేలిక కాబట్టి పైపైకి పోతుంది, అడుగున ఉన్న నూనెకి వేడి తగలదు. రెండు, ఒకసారి సులువైన దారి దొరికిందంటే ఇక ఆ దారినే పోతుంది. మూడు, మా అమ్మ చెప్పినట్టు, కరిగినా కొంత జిడ్డు రాతిని వదలదు.

ఇక్కడే మన ‘కుంకుడు రసం’ పనికొస్తుంది. కుంకుడుకాయలో సపోనిన్లనే పదార్థాలుంటాయి. వాటి అణువులకి ఒక కొస నీటితో కలుస్తుంది, రెండో కొస నూనెని పట్టుకుంటుంది. జిడ్డు వదిలేది అందుకే. మేము వాడేవి ఆ పనే చేసే గట్టి రసాయనాలు. కొన్నిచోట్ల సబ్బు పంపక్కర్లేదు కూడా. క్షారం పంపితే, నూనెలో ఉన్న ఆమ్లాలతో కలిసి భూమిలోనే సబ్బు తయారవుతుంది. నురగ ఇంకో పని చేస్తుంది. ఆవిరి పోయే సులువు దారికి అడ్డుపడి, ఇంతవరకూ వెళ్ళని వైపుకి దాన్ని మళ్ళిస్తుంది.

వినడానికి తేలికే. కానీ 200 డిగ్రీలు దాటిన వేడిలో చాలా సబ్బులు విరిగిపోతాయి. కొన్ని నూనెని వదిలించకుండా తామే రాతికి అంటుకుపోతాయి. క్షారం ఎక్కువైతే రాతిలోని సిలికా కరిగి ఇంకోచోట పేరుకుని దారి మూసేస్తుంది. అందుకని ఉక్కు గొట్టంలో ఇసుక దట్టించి, నూనె నింపి, ఏ రసాయనాన్ని ఆవిరికి ముందు పంపాలి, దేన్ని వెనక పంపాలి, ఎంత పంపాలి అని చూస్తాం. అవతలి కొసన ఎంత నూనె పడిందో కొలుస్తాం. వారమంతా గొట్టం ముందు కూర్చుంటే చివరికి సీసాలో చారెడు నల్లటి ద్రవం. అదీ నా ఉద్యోగం!

అమ్మ ఉన్నప్పుడే ఒక ఆదివారం అందరం కార్లో వీట్సె వెళ్ళాం. మా ఊరికి ఉత్తరంగా ఉన్న చిన్న పల్లె అది. అక్కడ నూనె మ్యూజియం ఉంది. 1858లో గెయోర్గ్ హునేయుస్ అనే ప్రొఫెసర్ అక్కడ బొగ్గు కోసమని తవ్వించడం మొదలుపెడితే నూనె బయటపడింది. అమెరికాలో పేరుపడ్డ డ్రేక్ బావి 1859 నాటిది. తర్వాతి కాలంలో వీట్సెలో బావులు చాలక, బొగ్గు తవ్వినట్టు గని తవ్వి నూనె ఇసుకని పైకి తెచ్చి, వేడి నీళ్ళతో కడిగి నూనె తీశారు. 1963 దాకా ఆ గని నడిచింది. “చూశావా, ఇసుకకి కూడా తలంటి పోశారు!” అని అమ్మ ఒకటే నవ్వు.

మా అమ్మాయి నవ్వలేదు. తిరిగి వస్తుంటే మెల్లిగా చెప్పింది. స్కూల్లో అమ్మానాన్నల ఉద్యోగాల గురించి రాయమన్నారట. “మా అమ్మ సబ్బుల మీద పనిచేస్తుంది” అని రాసిందిట. “నూనె అని ఎందుకు రాయలేదే?” అన్నాను. “మా క్లాసు వాళ్ళమంతా వాతావరణం కోసం ర్యాలీకి వెళ్ళాం కదమ్మా. నూనె తియ్యడం ఆపండి అని నేనూ అరిచాను. ఇంకా ఎక్కువ తియ్యడం ఎలాగా అని నువ్వు చూస్తుంటావు. ఏమని రాయను?”

కారులో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ ఇంకో కారణం ఇదే. నేనూ చాలాచోట్ల నా పని పేరు చెప్పకుండా దాటేస్తూనే ఉన్నాను.

చివరికి అమ్మే అంది, “పాశర్లపూడి మంట చూసి భయపడ్డ పిల్లవే కదే నువ్వు. ఉన్నదున్నట్టు చెప్పు” అని. 1995 జనవరిలో అంటుకున్న ఆ బావి 65 రోజులు మండింది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. రాత్రిపూట ఆ వెలుగు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది.

అందుకని ఉన్నదున్నట్టే చెప్పాను. ఒక పీపా చిక్కటి నూనె తియ్యడానికి సుమారు మూడు పీపాల నీటిని ఆవిరి చెయ్యాల్సి వస్తే, వచ్చే నూనెలో ఉన్న శక్తిలో అయిదో వంతు దాకా ఆ ఆవిరికే ఖర్చవుతుంది. రసాయనాలు సరిగ్గా కుదిరితే ఆ ఖర్చు, దాంతోపాటు పొగా తగ్గుతాయి. కానీ తీసిన నూనెని చివరికి ఎవరో తగలబెడతారు. దానికి నా సబ్బు దగ్గర మందు లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాను. కాలిఫోర్నియాలోని విసేలియాలో కరెంటు స్తంభాలకి పట్టించే క్రియోసోట్ అనే తారు నూనె ఏళ్ళ తరబడి నేలలోకి ఇంకి భూగర్భజలాన్ని పాడుచేసింది. 1997 నుంచి అక్కడ భూమిలోకి ఆవిరి పంపి దాన్ని బయటికి లాగారు. నూనె తియ్యడానికి నేర్చుకున్న విద్యే నేలని కడగడానికి పనికొచ్చింది. సబ్బు నీళ్ళతో నేల కడిగే పద్ధతీ ఉంది.

“మరి నువ్వు ఆ పని ఎందుకు చెయ్యవు?” అంది వెంటనే.

మా ఊళ్ళో గనులు 1930లో మూతపడ్డాయి. 1775లో గనుల చదువు కోసం మొదలైన విద్యాసంస్థ మాత్రం మిగిలింది, ఇప్పుడది యూనివర్సిటీ. వెండి పోయినా విద్య పోలేదన్నమాట. ఆ మర్నాడు మా పైఅధికారి దగ్గరికి వెళ్ళి, తారు పట్టిన మట్టి మీద ఒక విద్యార్థి ప్రాజెక్టు పెట్టుకోవచ్చా అని అడిగాను. ఒప్పుకున్నారు. అదే గొట్టం, అదే పంపు, లోపల వేరే మట్టి. నూనె పని మానేశానని మాత్రం మీకు చెప్పను. ఇంకా మానలేదు.

మా అమ్మాయి ఆ కాగితం మళ్ళీ రాసి ఇచ్చింది. “మా అమ్మ నూనె మీద, సబ్బుల మీద పనిచేస్తుంది. మేము దాని గురించి వాదించుకుంటాం” అని.

పిల్లలూ, మీరూ చేసి చూడండి. నాలుగు స్టీలు గిన్నెలకి కాస్త నెయ్యి రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత ఒకదాంట్లో చన్నీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళూ కుంకుడు రసం, మూడోదాంట్లో వేడి నీళ్ళు, నాలుగోదాంట్లో వేడి నీళ్ళూ కుంకుడు రసం పొయ్యండి. వేడి నీళ్ళు మాత్రం అమ్మో నాన్నో పొయ్యాలి. కుంకుడుకాయలు దొరక్కపోతే గిన్నెలు తోమే సబ్బు చాలు. ఏ గిన్నె జిడ్డు ముందు వదిలిందో నాకు రాయండి. ఆ తర్వాత మీ అమ్మానాన్నలు ఏం పని చేస్తారో కూడా అడిగి రాయండి. దాటేస్తే ఊరుకోకండి!

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.