ఊరు లేని పంచాంగం వద్దు

పంచాంగం ఊరిని బట్టి ఉంటుంది. ఆ సంగతి మరిచి ఒకే గోడ కేలెండర్‌తో అన్ని దేశాల్లోనూ పండగలు చేసేసుకుంటున్నాం. రాజమండ్రిలో పౌరోహిత్యం చేసుకునే నాకు ఇది కష్టంగానే ఉంది.

సూర్యుడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒక్కలా ఉండదు కనుక ఒక తిథి 19 గంటల్లోనే అయిపోవచ్చు, ఇంకోటి 26 గంటలు దాటవచ్చు. తిథి మారే క్షణం భూమ్మీద అందరికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఎవరి ఊరిది వారిదే. కాకినాడలో పొద్దుపొడిచిన పావుగంటకు గానీ హైదరాబాద్‌లో పొడవదు. ఆ పావుగంటలో తిథి మారిందా, రెండు ఊళ్లకూ ఉదయ తిథి వేరు.

పోనీ, అన్నిటికీ ఉదయ తిథి చూస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. దీపావళికి ప్రదోషవేళ అమావాస్య ఉండాలి, శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. పగటిని ఐదు భాగాలు చేస్తే మూడోది మధ్యాహ్నం, వినాయక చవితికి అది చూస్తాం. నాలుగోది అపరాహ్ణం, తద్దినానికి అది ప్రధానం.

ఒకసారి డాలస్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. “పంతులుగారూ, మన కేలెండర్లో చవితి శనివారం, ఇక్కడి గుడిలో శుక్రవారమే అంటున్నారు. ఎవరిది తప్పు?” ఎవరిదీ కాదమ్మా అన్నాను. శుక్రవారం ఇక్కడ పగలు రెండింటికి చవితి వచ్చిందనుకోండి. మనకు పూజావేళ దాటిపోయింది కనుక పండగ శనివారం. అదే క్షణానికి డాలస్‌లో శుక్రవారం తెల్లవారుజాము మూడున్నర. ఆ మధ్యాహ్నానికి వాళ్లకు నిండుగా చవితి ఉంది. వాళ్ల పండగ శుక్రవారమే.

తండ్రి తిథిని కూడా ఇక్కడి తేదీ చూసి అక్కడ పెడుతున్న కొడుకులున్నారు. సెలవు పెట్టి, ఉపవాసం ఉండి, ఎంతో శ్రద్ధగా చేస్తారు. తీరా ఆ అపరాహ్ణానికి అక్కడ ఉన్నది వేరే తిథి! నాకు మనసు చివుక్కుమనేది ఇక్కడే.

రాహుకాలమూ అంతే. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండోది రాహుకాలం. ఏడాది పొడుగునా 7:30 నుంచి 9 అని అచ్చువేస్తారు. అది ఆరింటికి పొడిచి ఆరింటికి కుంకే పొద్దు లెక్క. మే నెలాఖరున మా ఊళ్లో ఐదున్నర లోపే పొద్దు పొడుస్తుంది, పగలు 13 గంటలుంటుంది. ఆ లెక్కన రాహుకాలం ఏడు దాటగానే మొదలై 8:45కల్లా అయిపోతుంది. ఇంకా రాలేదు కదా అని ఏడుంపావుకు గుమ్మం దాటినవారు అందులోనే బయల్దేరినట్టు.

కేలెండర్లు వేసేవారికి నా మనవి ఒక్కటే. ఏ ఊరి సూర్యోదయానికి గణించారో ప్రతి పేజీ మీదా వేయండి. విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఇక్కడి తేదీలు తీసుకోవద్దు. మీ ఊరి పేరు చెప్పి, అక్కడి పురోహితుడి చేత లెక్క కట్టించుకోండి. తద్దినాలకైతే తప్పనిసరిగా.