గోలీలు పోయాయని చెప్తే మనమే దొంగలమా?

ఇంట్లో మార్ఫిన్ గోలీలు పోతే మొదట అనుమానం ఎవరి మీద పడుతుంది? కోడలి మీద. లేదంటే బిడ్డ మీద. రాత్రి రెండు గంటలకు లేచి గోలీ చేతికిచ్చేది మనమే కాబట్టి, లెక్క చెప్పాల్సిందీ మనమేనట!

మా అత్తమ్మది క్యాన్సర్. నాలుగు గంటలకోసారి ఒక గోలీ, రోజుకు ఆరు. చూసిపోవడానికి చుట్టాలు వచ్చిన ఆదివారం తర్వాత ఒక షీటు కనబడలేదు. పది గోలీలు, రెండు రోజులకు కూడా రావు. కానీ ఈ మందు ఉన్నట్టుండి ఆగితే నొప్పి తిరగబెట్టడమే కాదు, చెమటలు, వాంతులు కూడా పట్టుకుంటాయి. స్టేషన్ ఘన్‌పూర్‌లో నేనడిగిన ఏ మెడికల్ షాపులోనూ లేదన్నారు. మందు ఇచ్చిన దవాఖానాకే పోయి పోయిందని చెప్తే, లైన్లో పదిమంది వింటుండగా "అమ్ముకున్నారా?" అన్నారు.

వాళ్ల భయం నాకు తెలియక కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం అంటే డాక్టర్లకే వణుకు. 2014లో ఆ చట్టాన్ని సవరించి, మార్ఫిన్ లాంటి మందులకు ఆసుపత్రులు తిరగాల్సిన లైసెన్సుల గోల తగ్గించారు. నొప్పితో ఉన్నవాళ్లకు మందు అందాలనే కదా? మత్తు మందు పక్కదారి పడితే ఏమవుతుందో తెలంగాణలో ఉన్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కల్లులో అల్ప్రాజోలం కలపడం ఎన్నేళ్లుగా వింటున్నాం! అయితే అది పట్టుబడేది కిలోల్లో అక్కా, మా అత్తమ్మ దిండు కింద షీటులో కాదు.

షాపుకైతే పద్ధతి ఉంది. షెడ్యూల్ హెచ్1 మందు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చిందీ వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అమెరికాలో షాపులోనో ఆసుపత్రిలోనో ఇలాంటి మందులు చోరీ అయితే, తెలిసిన ఒక్క పనిదినంలోపు డీఈఏ అనే సంస్థకు రాసివ్వాలి. దానికి ఫారం 106 అని ఒక కాగితమే ఉంది. అక్కడ పోయిందని చెప్పడం డ్యూటీ. ఇక్కడ నేను చెప్తే నేరం ఒప్పుకున్నట్టు చూశారు.

ఇలా అవమానిస్తే రేపు ఇంకొకామె చెప్తుందా? చెప్పదు. ఉన్న గోలీలనే సగం సగం చేసి ఇస్తుంది, ముసలామె మూలుగుతుంటే చెవులు మూసుకుంటుంది. తీసుకుపోయినవాడు మాత్రం హాయిగా ఉంటాడు. లెక్క సరిగ్గా ఉండాలంటే చెప్పినవాళ్లను కసరొద్దు.

నేను అడిగేది పెద్దదేం కాదు. గోలీలు ఇచ్చే రోజే చీటీ వెనక రాసివ్వండి: పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఖాళీ షీట్లు తెచ్చి చూపించాలా, పోలీసు కాగితం కావాలా. దొంగతనం అని ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలని ఇప్పటి చట్టంలోనే ఉంది, తెచ్చిస్తాం. తాళం డబ్బా కొనమంటే కొంటాం, క్యాలెండరు మీద రోజూ లెక్క రాయమంటే రాస్తాం. కానీ ఆ కాగితం వచ్చేదాకా రెండు రోజుల గోలీలు మాత్రం చేతిలో పెట్టి పంపండి.