డాక్టరుగారి సలహా: నల్లమలలో రెండు రాత్రులు

ఒక సోదరి, మాచర్ల

ప్రశ్న: మావారు, నేను, ఆరేళ్ళ బాబు నల్లమల అడవిలో రెండు రాత్రులు గుడారంలో వుండి రావాలనుకుంటున్నాం. మావారికి షుగరు, రోజూ యిన్సులిన్ చేసుకుంటారు. బాబుకు ముందుగా మలేరియా మాత్రలు వేయాలా? పాములంటే నాకు చెడ్డ భయం.

జవాబు: నిరభ్యంతరంగా వెళ్ళి రండి. అయితే 1983లో ప్రాజెక్టు టైగర్ కిందకు వచ్చిన అడవి అది. ఎక్కడపడితే అక్కడ గుడారం వేయకూడదు. అటవీశాఖవారి బైర్లూటి వంటి క్యాంపుల్లోనే రాత్రి గడపండి. పులి కనిపించడం మీ అదృష్టం, దోమ మాత్రం తప్పదు!

యిన్సులిన్‌ను ఎండలో ఆగిన కారులో వదిలేయకండి. తడిపిన చిన్న మట్టికుండలో, నీళ్ళు తగలకుండా మూత బిగించిన డబ్బాలో పెడితే రెండు రోజులకు ఏ భయమూ లేదు. కొండెక్కి నడిచిన రోజు షుగరు పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి యివ్వండి. ఆ పంచదార పొట్లం ఆయన జేబులోనే వుండాలి, మీ సంచిలో కాదు. యిన్సులిన్ చేసుకున్నాక భోజనం ఆలస్యం కానివ్వకండి.

రెండు రాత్రులకు బాబుకు మలేరియా మాత్రలు సాధారణంగా అక్కరలేదు. నిండుచేతుల చొక్కా, దోమతెర చాలు. నేలమీద పడుకోకండి. మంచంమీద పడుకుని, తెర అంచులు పరుపు కిందకు దోపండి. పాము విషయంలోనూ అదే రక్ష. కట్లపాము రాత్రి నేలమీద నిద్రపోయేవారినే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి వుండకపోవచ్చు, గాటూ కనిపించకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటుమందు — ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, విషానికి విరుగుడు యింజక్షను వుండే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోండి.

మీరు అడగనిది ఒకటుంది. తిరిగొచ్చిన మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే టైఫాయిడ్ అని మీరే మందులు కొని వాడకండి. అడవికి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పి, మలేరియాకు రక్తపరీక్ష చేయించండి. గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. అది ముదిరితే ప్రాణానికే ముప్పు. వేళకు గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చవక మందుకు లొంగుతుంది. కొందరికి కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి పొక్కు కడుతుంది. అది చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద దాక్కుంటుంది కాబట్టి జ్వరం వస్తే బాబు బట్టలు విప్పి ఒళ్ళంతా వెతకండి. పొక్కు కనిపించకపోయినా ఆ జ్వరం కాదనుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.