మొదటి గోదడికి ఎవరి మష్వరా వినాలి?



మా చెల్లి కూతురికి ఇప్పుడు ఆరో నెల. పుట్టబోయే బిడ్డకు గోదడి తనే కుట్టుకుంటానని పోయిన నెల మా ఇంటికి వచ్చి కూర్చుంది. "ఖాలా, నాకు సూదిలో దారం ఎక్కించడం తప్ప ఇంకేం రాదు. నేర్పిస్తావా?" అంది. నాకు ఎంత ఖుషీ అయిందో! బిడ్డకు కావలసినవన్నీ ఫోన్‌లో నొక్కితే గుమ్మం ముందుకు వచ్చే రోజుల్లో ఒక పిల్ల పాత చీరలు ముందేసుకుని కూర్చోవడమే పెద్ద బాత్.

మగర్, ఆమె సూది పట్టిన సంగతి ఖాందాన్‌లో తెలియగానే మష్వరాలు మొదలయ్యాయి. ఫుప్పూ ఒకటి చెప్తుంది, చాచీ ఇంకోటి చెప్తుంది, పక్కింటి ఆపా రెండూ గలత్ అంటుంది. వారం తిరిగేసరికి ఆ పిల్ల "నా వల్ల కాదేమో ఖాలా" అనేసింది. అప్పటికి ఒక్క కుట్టు కూడా పడలేదు!

అందుకే ఇది రాస్తున్నా. గోదడి కొత్తగా కుట్టేవాళ్లకు మన ఇళ్లల్లో ఇచ్చే మష్వరాల్లో కొన్ని బంగారం. కొన్ని మాత్రం ఆ చేతిని జిందగీలో మళ్లీ సూది పట్టనివ్వవు. రెండూ ఒకే నోటి నుంచి, ఒకే ముహబ్బత్‌తో వస్తాయి. అసలు ముష్కిల్ అదే.

ముందు గలత్ మష్వరాల సంగతి చూద్దాం.

"పాత చీరలేంటి, కొత్త బట్ట కొను, చూసినవాళ్లు ఏమంటారు?" ఇది మొదటిది. గోదడి పుట్టిందే పాత బట్టలోంచి. పదేళ్లు ఉతికిన నూలు చీర ఇక ముడుచుకోదు, రంగు వదలదు, బిడ్డ ఒంటికి మెత్తగా ఉంటుంది. కొత్త బట్టకు ఈ మూడూ ఉండవు. కొత్తదే కుట్టాలనుకుంటే ముందు నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి అప్పుడు కత్తెర పెట్టాలి. ఎర్ర రంగును, నీలం రంగును విడివిడిగా నానబెట్టి చూడాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే తెల్ల ముక్కలన్నీ గులాబీ అయిపోతాయి.

"కుట్టేదేదో పెద్దదే కుట్టు, డబుల్ కాట్‌కు సరిపోయేట్టు." ఇది రెండోది. ఈ మాట విని మొదలుపెట్టి సగంలో సందూక్‌లోకి పోయిన గోదడీలు ఎన్నో! మొదటిది చిన్నదిగానే ఉండాలి. గజం పొడవు, గజానికి కొంచెం తక్కువ వెడల్పు, రెండు మూడు పొరలు చాలు. పొరలు ఎక్కువైతే సూది దిగదు, వేళ్లు పుండ్లవుతాయి. బిడ్డకైతే పల్చటి గోదడే మంచిది కూడా. ఏడాది లోపు పిల్లల మీద బరువైన కప్పుళ్లు వేయొద్దని డాక్టర్లు చెప్తూనే ఉన్నారు కదా.

మూడోది, "మిషన్ మీద కుడితే అది గోదడే కాదు." ఎందుకు కాదు? ఉద్యోగం చేసుకునే పిల్లకు, వేళ్ల నొప్పులున్న అమ్మకు మిషనే ఆసరా. కాకపోతే మిషన్ కింద పై పొర ముందుకు జరుగుతుంది. పిన్నులు దగ్గర దగ్గరగా పెట్టి, మధ్య గీత ముందు కుట్టి, తర్వాత అటూ ఇటూ పోవాలి. చెప్పాల్సింది ఈ తర్కీబ్. తానా కాదు.

"మా అమ్మీ ఇట్లాగే కుట్టేది, ఇంకోలా కుడితే గలత్" అనేవాళ్లూ ఉన్నారు. మన వైపు మధ్యలోంచి అంచులకు పోతాం. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవంది చూడండి. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. వాళ్లది ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉంటుందో! మన తరీఖా మనకు అలవాటు, అంతే. అది షరీఅత్ కాదు.

ఇంకోటి, "గ్రహణం రోజు కడుపుతో ఉన్నవాళ్లు సూది పట్టొద్దు, బిడ్డకు లోపం వస్తుంది." మా భాంజీ అన్నిటికంటే దీనికే ఎక్కువ భయపడింది. గ్రహణాలు ఎవరి చావు కోసమో, పుట్టుక కోసమో రావని హదీసుల్లో సాఫ్‌గా ఉంది. డాక్టరూ అదే చెప్పింది. కడుపుతో ఉన్న పిల్లను భయపెట్టే మాటను మష్వరా అనకూడదు.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. ఇవన్నీ పెద్దవాళ్ల నుంచి నాకు వచ్చినవే.

చీరను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడు. జల్లెడలా కనిపించిన చోటు వదిలెయ్, లేదా దాని మీద గట్టి ముక్క వెయ్. నూలుతో నూలే కలుపు. టెర్లిన్ ముక్క కలిపితే ఒకటి ముడుచుకుంటుంది, ఇంకోటి ముడుచుకోదు, గోదడి ఉబ్బుతుంది. పొరలు నేల మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో మధ్యలోంచి బయటికి తోసి, పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకో. తొందరలో ఈ పని వదిలేస్తే తర్వాత ఎంత బాగా కుట్టినా వెనక వైపు మడతలు పడతాయి. దారం మూరెడు చాలు. పొడుగు దారం చిక్కు పడుతుంది, చిక్కు పడ్డప్పుడల్లా సబర్ తగ్గుతుంది. దారాన్ని ఒకసారి మైనం మీద లాగు. మధ్య వేలికి అంగుష్తానా పెట్టుకో, మొదటి రోజు చిరాకుగా ఉంటుంది, మూడో రోజు అది లేకుండా కుట్టలేవు. బిడ్డ గోదడికి జరీ, గోటా, పూసలు వద్దు. గీసుకుంటాయి, ఊడి నోట్లోకి పోతాయి. లేచేముందు సూదులూ పిన్నులూ లెక్కపెట్టుకో.

ఇక కుట్ల సంగతి. "చిన్న చిన్నగా వెయ్" అని అందరూ అంటారు. కాదు. ముందు సమానంగా వెయ్. బియ్యపు గింజంత రాకపోతే కుట్టడమే వద్దు అనుకోకు. పెద్దవైనా అన్నీ ఒకేలా ఉంటే గోదడి నిలుస్తుంది. చిన్నతనం చేతికి దానంతట అదే వస్తుంది.

ఈ చివరి మాట నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నా. దానికి ఖీమత్ కూడా కట్టా.

మా అమ్మాయి ఏడో క్లాసు సెలవుల్లో నానీమా చీరతో ఒక గోదడి మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని, "కోడి గీకినట్టున్నాయి కుట్లు, విప్పు" అన్నా. విప్పింది. మళ్లీ కుట్టింది. మళ్లీ విప్పించా. మూడోసారీ అంతే. నాలుగో రోజు తను కూర్చోలేదు. "నాకు రాదు అమ్మీ" అంది. నేను కూడా, "సరే, చదువుకో" అన్నా. ఈరోజు ఆమె బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేస్తోంది, మాషా అల్లాహ్. కానీ కుర్తా గుండీ ఊడితే దర్జీ దగ్గరికి పోతుంది. నేను నేర్పింది కుట్టడం కాదు, తనకు రాదనే మాట.

మా అమ్మీ నాకు నేర్పినప్పుడు ఒక్క కుట్టు కూడా విప్పించలేదు. "పైలే పూరా కర్, బాద్ మే అచ్ఛా కర్" అనేది. ముందు పూర్తి చెయ్యి, తర్వాత బాగా చెయ్యి. అదే అమ్మీకి కూతురినై ఉండి నా కూతురికి ఆ మాట చెప్పలేకపోయా.

మనం రోజూ వాడే నసీహత్ అనే మాట అరబీది. ఆ మాట మూలానికి బట్ట కుట్టడం అనే అర్థం కూడా ఉందని పాత ఉలమా రాశారు. దర్జీ సూదితో చిరుగు కలిపినట్టు, నసీహత్ మనిషిలో చిరిగిన చోటు కలుపుతుందట. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నేను నా కూతురికి చేసింది నసీహత్ కాదు, కుట్లు విప్పడం.

అందుకే కొత్తగా నేర్చుకునే పిల్లకు చెప్పేముందు ఒక్క సవాల్ వేసుకుందాం. ఈ మాట విన్నాక తను రేపు మళ్లీ కూర్చుంటుందా? కూర్చుంటుంది అనిపిస్తే చెబుదాం. లేదంటే ఆ మాట రెండో గోదడి దాకా దాచుకుందాం.

మా భాంజీ గోదడి ఇప్పుడు సగం అయింది. ఒక మూల వంకరగా ఉంది. నేను చూశా, నోరు మెదపలేదు. పోయిన వారం తనే, "ఖాలా, ఈ మూల వంకర పోయింది కదా, రెండోదానికి ఏం చెయ్యాలి?" అని అడిగింది. అప్పుడు చెప్పా.

సందూక్‌లోంచి మా అమ్మాయి గోదడి కూడా తీశా. ఫోటో పంపించి, "నేను పూర్తి చెయ్యనా?" అని అడిగా. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"అమ్మీ, దాన్ని ముట్టుకోకు. ఈద్‌కు వస్తా కదా, నేనే కుడతా. నువ్వు పక్కన కూర్చో, ఏం చెప్పొద్దు."

ఇన్షా అల్లాహ్, ఏం చెప్పను.