పని వేరు, చాకిరీ వేరు

ఊరగాయ సీసా మూత తిప్పలేక అమ్మ దాన్ని నా కూతురి చేతికిచ్చింది. “అమ్మమ్మా, నీకు చేతుల్లో బలమే లేదేంటి?” అంది అది. అమ్మ నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను దాని వయసులో ఉన్నప్పుడు మా అమ్మమ్మ డెబ్భై దాటాక కూడా బావిలోంచి నీళ్ళు తోడేది. అమ్మకింకా అరవై నాలుగే!

“పాతకాలం మనుషులు, ఆ గట్టిదనం ఇప్పుడెక్కడిది?” అనేస్తాం. కాస్త ఆలోచించండి. మా అమ్మమ్మ తోబుట్టువులు తొమ్మిదిమందిలో అరవై చూసినవాళ్ళు ఇద్దరే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ళ దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడది 70 దరిదాపుల్లో ఉంది. అప్పట్లో బలహీనులు చాలామంది ముసలితనం దాకా రానేలేదు. మనం చూసింది మిగిలిన గట్టివాళ్ళని. ఆ అమ్మమ్మ కూడా చివరి పదేళ్ళూ నడుం వంగిపోయి గడిపింది. అలాంటి చాకిరీ మళ్ళీ రావాలని నేనైతే కోరుకోను.

మరి అమ్మ మాటేమిటి? నాన్న పోయాక ఊరినుంచి మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. చీపురు పట్టుకుంటే లాక్కున్నాను. కూరలు తెస్తానంటే “మెట్లు దిగొద్దు” అన్నాను. “ఇన్నాళ్ళూ చేశావుగా, హాయిగా కూర్చో” అన్నాను. అంతా ప్రేమతోనే. రెండేళ్ళు తిరిగేసరికి కుర్చీ చెయ్యి పట్టుకోందే లేవలేని స్థితికొచ్చింది. వయసు కదా అని సరిపెట్టుకున్నాం.

మోకాళ్ళ నొప్పులకని వెళ్తే డాక్టరుగారు అమ్మని గదిలో అటూ ఇటూ నడిపించారు, తన చెయ్యి గట్టిగా పట్టుకోమన్నారు. తెలియకుండా బరువు తగ్గడం, ఊరికే అలసట, చేతిపట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం... ఈ అయిదింట్లో మూడుంటే అది ఉత్త వయసు కాదు, దుర్బలత్వం అని లెక్కట. 2001 నుంచీ వాడుకలో ఉన్న కొలత ఇది. అమ్మకి మూడూ ఉన్నాయి. “రాత్రి ఏం తింటారు?” అనడిగారు. రెండు ఇడ్లీలు, లేకపోతే కాస్త మజ్జిగన్నం. పప్పు, గుడ్డు పిల్లలకి! ఇంక కండ దేంతో నిలుస్తుంది?

తరం మారితే బలం తగ్గి తీరాలనేం లేదు. ఫిన్లాండులో 75, 80 ఏళ్ళవాళ్ళని 1989-90లో ఒకసారి, 2017-18లో మరోసారి పరీక్షించి పోల్చారు. కొత్త తరంవాళ్ళే వేగంగా నడిచారు, వాళ్ళ పిడికిలే గట్టిగా ఉంది. ఒళ్ళు ఎక్కువగా కదిలించడం అందుకొక కారణమట. అమెరికాలో 1990లో తొంభై ఏళ్ళవాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయిస్తే కాళ్ళ బలం రెట్టింపు దాటింది. పోయిన శక్తి కొంతైనా తిరిగొస్తుందన్నమాట.

అందుకే నా మనవి. ఇంట్లో పెద్దవాళ్ళకి చాకిరీ తప్పించండి, పని తప్పించకండి. బిందెలు మోయించక్కర్లేదు. వీధి చివరిదాకా నడక, పూటకి నాలుగైదుసార్లు చేతులాన్చకుండా కుర్చీలోంచి లేవడం లాంటివి డాక్టరుని అడిగి మొదలుపెట్టించండి. బాత్‌రూంలో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించండి. పప్పు, గుడ్డు, పెరుగు వాళ్ళ కంచంలోనూ వడ్డించండి. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మనలోనూ ఉంది. దాన్నీ ఇప్పుడే మానేద్దాం.

మా ఊరగాయ సీసా మూత ఇంకా నేనే తీస్తున్నాను. అయితే నిన్న అమ్మ గోడ పట్టుకుని మెట్లు దిగి, బేరమాడి, కొత్తిమీర కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.